అమ్మమ్మ మాట, నాన్నమ్మ మాట, డాక్టరు మాట: చంటిబిడ్డ పెంపకంపై విశాఖ తల్లులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో చంటిబిడ్డ ఉన్న ఏ ఇంటికి వెళ్ళినా కనీసం మూడు రకాల సలహాలు వినిపిస్తాయి. చోడవరం నుంచి వచ్చిన అమ్మమ్మ ఒకటి చెబుతుంది, గాజువాకలో ఉండే నాన్నమ్మ ఇంకొకటి చెబుతుంది, టీకాలు వేసే డాక్టరు మరొకటి చెబుతారు. ఇవి చాలవన్నట్టు ఫోన్‌లో వీడియోలు. మధ్యలో నలిగిపోయేది నిద్రలేని బాలింత. ప్రసూతి వార్డులో నర్సుగా చాలా ఏళ్ళు పనిచేశాను. ఇప్పుడు మధురవాడలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళూ, తెలిసినవాళ్ళూ నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మందుల విషయంలో మాత్రం మీ బిడ్డని చూసే డాక్టరు మాటే వినండి.

పెద్దవాళ్ళు చెప్పేదానికీ డాక్టర్లు చెప్పేదానికీ ఇంత తేడా ఎందుకు?

ఎందుకంటే డాక్టర్లు చెప్పేది కూడా మారుతూ వచ్చింది. ఈ సంగతి తెలిస్తే ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి.

2001కి ముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 4 నుంచి 6 నెలల వరకే తల్లిపాలు మాత్రమే ఇమ్మనేది. ఆ ఏడాది నుంచి పూర్తిగా 6 నెలలు అని మార్చింది. అంటే 1990ల్లో పిల్లల్ని కన్న మీ అత్తగారు నాలుగో నెలలో జావ పట్టారంటే, అప్పటి డాక్టరు చెప్పినట్టే చేశారన్నమాట. అంతకు ముందు తరంలో డబ్బాపాలు గొప్పగా ఉండేవి. బొద్దుగా ఉన్న పిల్లల బొమ్మలతో వచ్చిన డబ్బాలు చూసి, తల్లిపాలు పుష్కలంగా ఉన్నవాళ్ళు కూడా సీసా పట్టారు. 1992లో పాలడబ్బాల ప్రకటనలని అడ్డుకునే చట్టం వచ్చాక గానీ ఆ జోరు తగ్గలేదు. ముత్తమ్మమ్మ తల్లిపాలిచ్చింది, అమ్మమ్మ సీసా పట్టింది, మీ అమ్మ మళ్ళీ తల్లిపాలకి వచ్చింది. కాబట్టి ‘పాతకాలం పద్ధతి’ అని ఒక్కటే పద్ధతి ఎప్పుడూ లేదు.

విరేచనాలైతే కడుపు మాడ్చమనేవారు. ఇప్పుడు ఓఆర్ఎస్, 14 రోజులు జింకు, పాలు ఆపకుండా ఇవ్వడం. పల్లీలు ఎంత ఆలస్యంగా పెడితే అంత మంచిదనేవారు. 2015 తర్వాత డాక్టర్లు దాన్నీ తిరగేశారు, 6 నెలలు దాటాక మెత్తటి రూపంలో పెట్టొచ్చంటున్నారు. అందుకే “మీకేం తెలీదు” అనే మాట ఇంట్లో ఎవరూ ఎవరినీ అనకూడదని నా గట్టి నమ్మకం.

ఏది మానాలి, ఏది ఉంచాలి అని తేల్చుకోవడం ఎలా?

నేను ఒక్కటే చూస్తాను: బిడ్డ నోట్లోకి, ముక్కులోకి, కంట్లోకి, చెవిలోకి ఏమైనా వెళ్తోందా? ఊపిరికి అడ్డమొస్తోందా? అలాంటిదైతే ఎవరు చెప్పినా మానండి. బయట బయటే ఉండేవి, అంటే దిష్టి తీయడం, మొలతాడు, అరికాలికి చుక్క, బారసాల, ఉయ్యాలలో వేసే వేడుక, వీటి గురించి గొడవ పెట్టుకోవద్దు. వీటివల్ల బిడ్డకి నష్టం లేదు, పెద్దవాళ్ళకి సంతోషం. మొలతాడు మాత్రం వదులుగా కట్టండి, పూసలు రాలిపోయేలా ఉంటే తీసేయండి.

పుట్టగానే తేనె నాకించాలంటున్నారు. ఒక్క చుక్కే కదా?

ఆ ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో బోట్యులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు ఉండే అవకాశం ఉంది. పెద్దవాళ్ళ పేగులు తట్టుకుంటాయి, ఏడాది లోపు బిడ్డ పేగులు తట్టుకోలేవు. కొన్ని హిందూ కుటుంబాల్లో బంగారం అరగదీసి తేనెతో నాకిస్తారు. ముస్లిం కుటుంబాల్లో ఖర్జూరం నమిలి అంగిట్లో రాస్తారు, అది దొరక్కపోతే తేనె. నమ్మకాన్ని వదులుకోమని ఎవరికీ చెప్పను. తేనె మాత్రం ఏ రూపంలోనూ వద్దు. మిగతాది మీ డాక్టరుని అడిగి చేయండి.

పుట్టిన గంటలోపు బిడ్డ నోటికి అందాల్సింది ముర్రుపాలు. పసుపుగా, చిక్కగా, కొంచెమే వస్తాయి కాబట్టి “ఇవి చెడ్డపాలు, పిండి పారబోయండి” అనేవారు. ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. బిడ్డకి తల్లి ఇచ్చే మొదటి రక్షణ ఆ పాలే. మొదటి రోజు బిడ్డ పొట్ట చాలా చిన్నది, ఆ కొద్దిపాటి పాలే సరిపోతాయి.

మే నెల ఉక్కపోతలో నీళ్ళు పట్టకపోతే బిడ్డ గొంతు ఎండిపోదా?

ఎండదు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్ళే. ఎండాకాలంలో బిడ్డ తరచుగా, కొద్దికొద్దిగా తాగుతాడు, దాహం అలాగే తీరుతుంది. నీళ్ళు పడితే ఆ చిన్న పొట్ట నిండిపోయి పాలు తాగడం తగ్గుతుంది, విరేచనాల భయం కూడా ఉంటుంది. “ఏటమ్మా, నా నలుగురు పిల్లలూ నీళ్ళు తాగే పెరిగారు కదా” అని మామ్మలు అడుగుతారు. పెరిగారు, నిజమే. విరేచనాలతో ఎవరి పిల్లలు పోయారో కూడా ఆ తరానికే బాగా తెలుసు. నీళ్ళు తాగాల్సింది తల్లి. పాలిచ్చేముందు పక్కన ఒక చెంబు నీళ్ళు పెట్టే బాధ్యత నాన్నమ్మకి అప్పగించండి.

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో కరెంటు లేదు, నీళ్ళు లేవు, పాల ప్యాకెట్లకి క్యూలు. తల్లిపాలు తాగే పిల్లలున్న ఇళ్ళల్లో కనీసం ఆ ఒక్క టెన్షన్ లేదు.

స్నానం పోసే ఆవిడని పెట్టుకోవాలా? టబ్బులో మేమే చేయించుకుంటే సరిపోతుందా?

రెండూ మంచివే. మంచి చెయ్యి ఉన్న ఆవిడ దొరికితే మాత్రం వదులుకోవద్దు. ఆవిడ స్నానం పోస్తుంటే ఒకసారి దగ్గరగా గమనించండి. చిన్న పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, రెండు కాళ్ళ మధ్య పల్లంలో బిడ్డని పడుకోబెడుతుంది. ముందు నీళ్ళని తన మోచేతి మీద పోసుకుని వేడి చూసుకుంటుంది. తల మీద పోసేటప్పుడు ఎడమ అరచేతిని నుదుటికి అడ్డుపెడుతుంది, కంట్లోకి ఒక్క చుక్క పోదు. మెడ మడతలు, చంకలు, తొడల సందులు వేలితో విప్పి కడుగుతుంది. చెమటకాయలు, ఒరుపులు వచ్చేది అక్కడే. మన ఊరి గాలిలో తడి ఎక్కువ కాబట్టి ఆ మడతలు ఆరనిస్తేనే చర్మం బాగుంటుంది. ఇదంతా వీడియోలు చూసి నేర్చుకోవడం కష్టం. ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకోండి.

అదే ఆవిడ చేసే కొన్ని పనులు మాత్రం ఆపించాలి. ముక్కు నిటారుగా రావాలని లాగడం, తల గుండ్రంగా రావాలని నొక్కడం, గొంతులో వేలు పెట్టి కఫం తీయడం, ముక్కులో నోటితో ఊదడం, చెవుల్లో ముక్కులో నూనె వేయడం. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. మరొకటి, పుట్టిన పిల్లల రొమ్ములు కొంచెం ఉబ్బి ఉంటే “పాలు పిండాలి” అంటారు. ఆ ఉబ్బు తల్లి హార్మోన్ల వల్ల వచ్చేది, దానంతటదే తగ్గుతుంది. పిండితే చీము పడుతుంది. అలా చీముగడ్డతో వచ్చిన పసికందుల్ని వార్డులో చూశాను, ఆ ఏడుపు మర్చిపోలేను.

ఇంతకీ మొదటి స్నానం పుట్టిన 24 గంటల తర్వాతే. బరువు తక్కువ ఉన్న బిడ్డకైతే డాక్టరు చెప్పేదాకా తడిగుడ్డతో తుడవడమే.

నూనె మర్దన చాలా మంచిది. కొబ్బరినూనె తేలిక, ఎండాకాలంలో అదే మేలు. నలుగుపిండితో రుద్దడం మొదటి నెలల్లో వద్దు, లేత చర్మం గీసుకుపోతుంది. రుద్దితే తెల్లబడతారనేది అసలు కాదు. బిడ్డ రంగు గురించి ఇంట్లో మాట్లాడటమే మానేస్తే బాగుంటుంది.

సాంబ్రాణి పొగ?

వద్దు. పాత పెంకుటింట్లో పొగ పైకప్పు సందుల్లోంచి పోయేది. ఇప్పుడు తలుపులు, కిటికీలు మూసిన ఫ్లాట్‌లో ఆ పొగంతా బిడ్డ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. బాలింత జుట్టు ఆరాలంటే ఎండలోనో ఫ్యాను కిందో ఆరబెట్టుకోవచ్చు. పండగపూట హాల్లో కొంచెం వేసుకుంటే బిడ్డని ఇంకో గదిలో ఉంచండి.

కాటుక ఇంట్లోనే చేశాం, అయినా పెట్టకూడదా?

కంట్లో పెట్టొద్దు. వేలి గోటితో వచ్చే క్రిములు, మసి, రెండూ కంటికి చెరుపే. బజారు కాటుకలో, సుర్మాలో కొన్నిసార్లు సీసం ఉంటుంది. దిష్టి చుక్క అరికాల్లోనో చెవి వెనకో పెట్టుకోండి. బుగ్గ మీద పెడితే చేత్తో పులుముకుని నోట్లో పెట్టుకుంటారు.

వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు త్వరగా వస్తాయా? ఉగ్గుగిన్నెతో ఆముదం పోయొచ్చా? గ్రైప్ వాటర్?

మాటలు వచ్చేది మనం బిడ్డతో మాట్లాడితే. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది, అది పసిబిడ్డలకి మంచిది కాదు. వాంతులు, మత్తు వచ్చే ప్రమాదం ఉంది. ఆముదం పోస్తే విరేచనాలై ఒంట్లో నీరు పోతుంది. నెలన్నర దాటిన, తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ వారం రోజులు దొడ్డికి వెళ్ళకపోయినా, వెళ్ళినప్పుడు మెత్తగా వెళ్తూ, హుషారుగా పాలు తాగుతుంటే కంగారు అక్కర్లేదు. గ్రైప్ వాటర్ అవసరం కూడా లేదు. పాలు తాగాక భుజం మీద వేసుకుని వీపు నిమిరి తేన్పు తెప్పించండి.

ఉగ్గుగిన్నె మాత్రం దాచుకోండి. సీసా కంటే వెండి ఉగ్గుగిన్నె ఎంతో నయం. పాలపీక మూలల్లో పేరుకునే మురికి దీనికి పేరుకోదు, మరిగే నీళ్ళలో వేస్తే శుభ్రమైపోతుంది. రొమ్ము పట్టలేని నెలతక్కువ బిడ్డలకి పిండిన తల్లిపాలు పట్టడానికి మేం వార్డులో వాడింది ఇలాంటి గిన్నే. అమ్మమ్మ తన అల్మరాలోంచి తీసిచ్చే ఆ గిన్నెని, ఆస్పత్రి వాడకాన్ని పక్కపక్కన చూస్తే, పాతదీ కొత్తదీ ఎప్పుడూ శత్రువులు కావని అర్థమవుతుంది.

బాలింత పథ్యం ఎన్నాళ్ళు? నీళ్ళు తాగితే పొట్ట వస్తుందంటున్నారు.

నీళ్ళు తాగితే పొట్ట రాదు, పాలు వస్తాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 100 కాన్పుల్లో 42 సిజేరియన్లు. అంత పెద్ద ఆపరేషన్ అయిన మనిషికి కారప్పొడి అన్నం ఒక్కటే పెట్టి, కూరలూ పళ్ళూ మాన్పిస్తే గాయం ఎలా మానుతుంది? ఆకుకూర, పప్పు, గుడ్డు, పెరుగు, పళ్ళు అన్నీ పెట్టండి. కాన్పయ్యాక 180 రోజుల పాటు ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకోవాలి. చాలామంది ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికే వదిలేస్తారు.

అయితే పథ్యంలో ఒక పెద్ద మేలు ఉంది: బాలింతని పని చేయనివ్వకుండా కూర్చోబెట్టడం. వేడి అన్నం, వెల్లుల్లి, నెయ్యి చేతికి అందించే మనిషి ఉండటం. కొత్త తరం వాళ్ళు పథ్యంతోపాటు ఆ విశ్రాంతిని కూడా పోగొట్టుకుంటున్నారు, అదే నాకు బాధ.

మన తీరంలో పాలు పడాలని పాలసొర వండిపెడతారు. చేప మంచిదే, కానీ సొర పెద్ద చేప, దాంట్లో పాదరసం ఎక్కువ చేరుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో దొరికే నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు అంతకన్నా మేలు, ఖరీదూ తక్కువ.

ఉయ్యాలలో పడుకోబెట్టాలా, పక్కలోనా, విడిగా తొట్టెలోనా? బోర్లా పడుకుంటే బాగా నిద్రపోతున్నాడు.

ఏడాది వచ్చేదాకా వెల్లకిలా మాత్రమే. ఒకప్పుడు విదేశీ డాక్టర్లు కూడా బోర్లా పడుకోబెట్టమనేవారు. 1990ల్లో పలు దేశాల్లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం చేశాక, నిద్రలోనే పోయే పసిపిల్లల సంఖ్య బాగా తగ్గింది. మెలకువగా ఉన్నప్పుడు, మీరు చూస్తుండగా, కాసేపు బోర్లా వేయండి, మెడ నిలబడుతుంది.

చీర ఉయ్యాలలో బిడ్డ విల్లులా వంగి, గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి ఆడటం కష్టం. జోల పాడి జో కొట్టడానికి వాడండి, నిద్రపట్టాక గట్టి పరుపు మీదకి మార్చండి. మన ఇళ్ళల్లో తల్లి పక్కలోనే బిడ్డ పడుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. నేల మీద గట్టి పరుపు, బిడ్డ చుట్టూ దిళ్ళు, దుప్పట్లు లేకుండా ఉంటే సరే. సిగరెట్, మందు అలవాటున్న మనిషి పక్కన వద్దు. సోఫాలో బిడ్డతో అసలు నిద్రపోవద్దు. ఆవాల దిండు ఊపిరికి అడ్డం, దాన్ని తీసేయండి.

డైపర్ వేస్తే కాళ్ళు వంకర పోతాయా?

పోవు. రాత్రి డైపర్, పగలు మెత్తటి గుడ్డలు మన వాతావరణానికి సరిపోతాయి. మూడు నాలుగు గంటలకోసారి మార్చాలి, మధ్యలో కాసేపు గాలి తగలనివ్వాలి.

అన్నప్రాసన అయింది. తర్వాత ఏం పెట్టాలి?

180 రోజులు నిండాక మెత్తగా మెదిపిన పప్పన్నం, నెయ్యి, రాగిజావ, అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప. అంగన్వాడీలో ఇచ్చే బాలామృతం కూడా మంచిదే. కార్లున్న ఇళ్ళవాళ్ళు దాన్ని చిన్నచూపు చూసి ఖరీదైన డబ్బాలు కొంటున్నారు, అదే అర్థం కాదు. జారిపోయే జావ కాకుండా, గరిటె నుంచి నెమ్మదిగా జారేంత చిక్కగా ఉండాలి. గుడ్డు, ముల్లు తీసిన చేప 6 నెలల తర్వాత పెట్టొచ్చు. ఉప్పు, పంచదార ఏడాది దాకా వద్దు. అన్నప్రాసన రోజు పెదవికి తాకించిన పరమాన్నం గురించి మాత్రం ఎవరూ కంగారు పడొద్దు. ఆవుపాలు, గేదెపాలు తాగడానికి ఏడాది తర్వాతే. ముందే మొదలుపెడితే రక్తహీనత వస్తుంది.

ఫోన్ చూపిస్తేనే తింటోంది. నాన్నమ్మ టీవీ పెడుతుంది.

2 ఏళ్ళ లోపు స్క్రీన్ వద్దని మన పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది. 2 నుంచి 5 ఏళ్ళ వరకు రోజుకి గంటకి మించకూడదు. వెనకటి తరం చందమామని చూపించి, బాల్కనీలో కాకిని పిలిచి తినిపించేది. అది ఆలస్యమయ్యే పని, నిజమే. కానీ బిడ్డ మాటలు నేర్చేది ఆ ఆలస్యంలోనే. నాన్నమ్మని తప్పుపట్టేముందు, మీ చేతిలో ఫోన్ ఎంతసేపు ఉందో చూసుకోండి.

మా క్వార్టర్స్‌లో మలయాళీలు, ఒడియావాళ్ళు, బెంగాలీలు ఉన్నారు. వాళ్ళవి వేరే పద్ధతులు. ఏవి సరైనవి?

స్టీల్‌ప్లాంటు, నేవీ, పోర్టు పుణ్యమా అని మన ఊళ్ళో ఒకే మెట్ల మీద ఇన్ని ఆచారాలు కనిపిస్తాయి. మనం 21వ రోజు బారసాల చేస్తే, ఒడియావాళ్ళూ 21వ రోజునే ఏకోయిశా చేసుకుంటారు. మలయాళీలు 28వ రోజు నడుముకి దారం కడతారు. బెంగాలీలకి మొదటి అన్నం మేనమామ తినిపించాలి. ముస్లిం ఇళ్ళల్లో ఏడో రోజు అఖీకా చేసి తల వెంట్రుకలు తీస్తారు, మనవాళ్ళు పుట్టు వెంట్రుకలు సింహాచలం అప్పన్నకి ఇస్తారు. తేదీలు, పేర్లు వేరు గానీ అందరూ బిడ్డని తమవాళ్ళలో కలుపుకోవడమే. ఇందులో సరైనది, కానిది అంటూ లేదు.

ఉద్యోగంలో చేరాలి. పాలు ఎలా?

చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. 2017లో వచ్చిన మార్పు ఇది. 50 మంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం కూడా ఉండాలి, అడగండి. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు ఉంటాయి. మన ఊళ్ళో ఏడాదిలో ఎక్కువ భాగం అంతకన్నా వేడే, కాబట్టి పిండగానే ఫ్రిజ్‌లో పెట్టండి, 4 రోజులు ఉంటాయి. “నిలవ పాలు బిడ్డకా?” అని అమ్మమ్మ బాధపడొచ్చు. వేడినీళ్ళ గిన్నెలో ఉంచి గోరువెచ్చగా చేయడం ఆవిడకి చూపించండి. ఉగ్గుగిన్నెతో పట్టేది ఎలాగూ ఆవిడే.

అత్తగారికి నొప్పి కలగకుండా ఎలా చెప్పాలి?

మీరు చెప్పకండి, టీకాల కార్డు చేత చెప్పించండి. టీకాకి వెళ్ళేటప్పుడు ఆవిడని వెంట తీసుకెళ్ళండి, సందేహం ఆవిడనే డాక్టరుని అడగమనండి. గోపాలపట్నంలో ఒక కోడలు అలాగే చేసింది. కార్డు మీద ‘6 నెలల వరకు తల్లిపాలు మాత్రమే’ అన్న లైను అత్తగారే పైకి చదివి, “మాకు అప్పుడు నాలుగో నెల్లో పెట్టమన్నారు తల్లీ, ఇప్పుడిలా రాశారా” అన్నారట. ఆ మర్నాటి నుంచి ఎవరైనా నీళ్ళు పడతామంటే ఆవిడే అడ్డుపడ్డారు.

అబ్బాయిలకి ఒక మాట. మీ అమ్మగారితో మాట్లాడాల్సిన బాధ్యత మీది, మీ భార్యది కాదు. “ఆడవాళ్ళ విషయం” అని ఫోన్ పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోవద్దు.

వాకర్ కొనాలా?

వద్దు. నడక ఆలస్యమవుతుంది, మెట్ల మీంచి పడతారు. కెనడాలో 2004లోనే నిషేధించారు.

ఇంట్లో వాదన ఆపి వెంటనే ఆస్పత్రికి ఎప్పుడు వెళ్ళాలి?

రెండు నెలల లోపు బిడ్డ పాలు తాగడం మానేసినా, మూలిగినా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, నిమిషానికి 60 సార్లు గానీ అంతకన్నా ఎక్కువసార్లు గానీ ఊపిరి తీస్తున్నా, ఒళ్ళు వేడెక్కినా, చల్లబడినా, మూర్ఛ వచ్చినా ఆగొద్దు. పుట్టిన రోజే పచ్చబడినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా ఆగొద్దు. కామెర్లకి పొద్దుటి ఎండ చాలనుకోవడం, పసరు పోయడం ప్రమాదం. ఆస్పత్రిలో పెట్టే నీలం లైటు వేరు, ఎండ వేరు. బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారినా అంతే. బొడ్డుకి ఆముదం, బూడిద, పౌడరు ఏదీ రాయొద్దు, పొడిగా వదిలేస్తే దానంతటదే రాలిపోతుంది. 108కి ఫోన్ చేయండి. కేజీహెచ్‌కైనా, ఘోషాస్పత్రికైనా, దగ్గర్లో ఉన్న ఏ పిల్లల డాక్టరు దగ్గరికైనా వెళ్ళండి. దారిలో బిడ్డని తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా పట్టుకోండి, తాగగలిగితే పాలు ఇస్తూనే ఉండండి, టీకాల కార్డు సంచిలో వేసుకోండి.